మేడమ్‌కు తెలుగు రాదు

ట్ర్ర్ర్ హో అని ఒక గొంతు మేకప్ వ్యాను కిటికీ కిందుగా వెళ్ళింది, దాని వెనకే బిలబిలమని గిట్టల చప్పుడు, మెహ్జబీన్ చప్పున కిటికీ వైపు తిరిగింది. ఆమెను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు, పోస్టర్ల మీద ఆమె అమూల్య, ఎనిమిదేళ్ళ కింద బొంబాయి నుంచి విమానం దిగిన అమూల్య. కానీ ఆ కూత విన్న మనిషి అమూల్య కాదు గనుక మనమూ పాత పేరుతోనే పిలుద్దాం. కూత చివర ఒక చిన్న విరుపు ఉంది, నాలుక అంగిలికి తగిలి వెనక్కొచ్చినట్టు, ఆ విరుపు లోకంలో ఒక్కడికే ఉందని చిన్నప్పుడు అనుకునేది. కాదేమో, మేకలవాళ్ళందరూ అలాగే అదిలిస్తారేమో, మేకలకు మాత్రం ఏం తెలుసు ఎవరు పిలిస్తే ఏమిటి. ఆమె కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. శామీర్‌పేట చెరువు మీద మబ్బు పట్టి గంటయింది, ఎండ వస్తే గాని షాటు లేదన్నారు, డీజిల్ దండగని జనరేటర్ ఆపేశారు, అందుకే ఈ కిటికీ తెరవాల్సి వచ్చింది, ఏసీ నడుస్తుంటే ఈ గొంతు వినపడేదే కాదు. జనరేటర్ ఆపించింది ఎవరు? రఘునందన్. ఎప్పుడూ లేనిది అతనికి డీజిల్ మీద ఈ రోజే ఎందుకు ప్రేమ పుట్టుకొచ్చింది?

అసలు ఈ చోటు ఎవరు చూశారు అన్నది రెండు రోజులుగా ఆమెను తొలుస్తున్న సంగతి. ఎనిమిదేళ్ళలో ఊటీ వెళ్ళింది, పొల్లాచ్చి వెళ్ళింది, స్విట్జర్లాండులో మంచులో పలచని చీర కట్టుకుని పళ్ళు పటపట కొట్టుకుంటూ పాట పాడింది, ఒక్క ఈ దిక్కుకు మాత్రం షూటింగుకు రాలేదు. మేడ్చల్ దగ్గర ఫామ్‌హౌస్ అంటే తలనొప్పి వచ్చేది, కీసర గుట్ట అంటే జ్వరం వచ్చేది, రఘునందన్ ఎప్పటికప్పుడు సర్దేవాడు. అతను ఆమె మేనేజరు, కాల్షీట్లు అతని చేతిలో, ఆమె గుట్టు అతని కడుపులో. అలాంటివాడు ఈసారి సర్దలేదు. పై నెలతో అతనితో ఒప్పందం అయిపోతుంది, ఇక నా పనులు నేనే చూసుకుంటానని ఆమె పోయిన వారమే అంది, అతను చల్లగా నవ్వి మీ ఇష్టం మేడమ్ అన్నాడు, ఆ చల్లటి నవ్వే ఆమెకు నచ్చలేదు. ఇప్పుడు చూస్తే శామీర్‌పేట. పైగా సీనులో ఉన్నది ఆవుదూడ, ఆమె దూడను నిమురుతూ హీరో కోసం ఎదురుచూడాలి, పొద్దున అసిస్టెంట్ డైరెక్టర్ సుధీర్ వచ్చి దూడ మారింది మేడమ్, మేకపిల్ల అన్నాడు. ఎందుకు మారిందంటే ఇక్కడి ముసలాయన ఒకడు మూడు రోజులు వరసగా ఆఫీసు చుట్టూ తిరిగి, దూడ బెదురుతుంది సారూ, నా మేకలైతే చెప్పినట్టు వింటాయని డైరెక్టర్ని ఒప్పించాడట. ఎవరా ముసలాయన అని ఆమె అడగలేదు. హీరోయిన్ మేకలవాడి పేరు అడిగితే ఎంత అనుమానం. అడగకపోయినా అనుమానమే అనిపించింది తర్వాత.

పద్మజ జడకు పూలు గుచ్చుతూ అద్దంలోంచి చూస్తోంది. పద్మజ నరసాపురం మనిషి, హెయిర్ డ్రెస్సర్, నాలుగేళ్ళుగా ఆమె తల వెనకే నిలబడి ఆమె గురించే మాట్లాడుతోంది. ఈవిడకి నుదురు పెద్దదండీ, ఈవిడకి నోట్లో నాలుక లేదు గానీ పొగరు మటుకు బానే ఉందండీ, ఇవన్నీ ఆమె చెవి పక్కనే, ఆమెకు తెలుగు రాదు కదా. ఆ మాట పుట్టించినవాడు రఘునందనే. బొంబాయిలో మొదటి ఫోటోలు చూసి ఏ ఊరమ్మా అని అడిగితే ఆమె ఉన్నమాట చెప్పింది, శామీర్‌పేట దగ్గర పల్లె, తెలుగు వచ్చు అని గర్వంగా కూడా చెప్పింది, పిచ్చి మొహం. అతను వెంటనే తలుపు వేసి వచ్చాడు. మా వాళ్ళకు కావలసింది బొంబాయి అమ్మాయి, పొరుగూరి అమ్మాయిని పెద్ద తెర మీద చూడ్డానికి ఎవరు వస్తారు, పైగా నీ తెలుగు మా సినిమాల్లో పనిమనుషుల చేత, రౌడీల చేత మాట్లాడించే తెలుగు, ఈ రోజు నుంచి నీకు ఒక్క ముక్క రాదు, తెలిసిందా అన్నాడు. తెలిసింది. ఇంట్లో మాట్లాడే ఉర్దూనే కాస్త ఇస్త్రీ చేసి హిందీ అంది, గొంతు ఎలాగూ వేరే అమ్మాయి చెబుతుంది. కెమెరా ముందు పెదాలు కదపడం తేలిక, తప్పులు పలకడం నేర్చుకోవాల్సి వచ్చింది, వచ్చిన మాటను రానట్టు పలకడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. అంతకంటే కష్టం నవ్వు. సెట్లో ఎవరైనా జోకు వేస్తే అందరితో పాటు నవ్వకూడదు, సుధీర్ హిందీలోకి మార్చి చెప్పేదాకా ముఖం ఖాళీగా పెట్టుకోవాలి, అప్పుడు నవ్వాలి. ఒక్కసారి తప్పింది. నిరుడు కమెడియన్ ఒకడు నిర్మాత బట్టతల మీద ఏదో అన్నాడు, ఆమె పెదవి అర క్షణం ముందు కదిలింది, అద్దంలో పద్మజ కళ్ళు ఆగిపోయాయి. ఆ రోజు నుంచి పద్మజ ఆమె ముందు కాస్త ఆచితూచి మాట్లాడుతోందని ఆమెకు ఒక శంక, లేదు ఇంకా ఎక్కువ మాట్లాడి పరీక్షిస్తోందని ఇంకో శంక.

అలా ఎనిమిదేళ్ళుగా ఎవరి మనసులో ఏముందో వాళ్ళ నోటే వింది. వెన్న రాసినట్టు మాట్లాడే నిర్మాత పక్కకు తిరిగి, దీన్ని ఈ సినిమాతో వదిలించుకుందాం అనడం వింది. మేడమ్ దేవత అన్న హీరో, నీళ్ళు తాగుతూ, డాన్సు చేస్తుంటే మేక గెంతినట్టుంది అనడం వింది. ఆ రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఎందుకంటే మెహ్జబీన్ గెంతడం నేర్చుకున్నది నిజంగా మేకల దగ్గరే. మనుషులు ఎదురుగా ఒకటి, పక్కకు తిరిగి ఒకటి అనడం విని విని, ఎదురుగా అన్నది ఏదీ నమ్మకపోవడం ఆమెకు ఊపిరి పీల్చినంత అలవాటు అయిపోయింది. పెళ్ళి చేసుకుంటానని వచ్చినవాణ్ణి నమ్మలేదు, డాక్టర్ని నమ్మదు, ఆఖరికి బరువు చూసే మిషన్ని కూడా రెండోసారి ఎక్కి చూస్తుంది.

గాలి మళ్ళింది. జవహర్‌నగర్ చెత్త వాసన గుప్పున కిటికీలోంచి వచ్చింది, పద్మజ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఇదేం ఊరండీ బాబూ అంది. చిన్నప్పుడు ఈ గాలికి ఈ వాసన లేదు, ఇటు నుంచి వస్తే తడి మట్టి వాసన, అటు నుంచి వస్తే మేకల వాసన, ఆ రెండో వాసన బట్టల్లో, జుట్టులో, అన్నంలో కూడా ఉండేది, బళ్ళో పక్కన కూర్చునే పిల్ల జరిగి కూర్చునేది. అమ్మ పోయినప్పుడు ఆమెకు ఏడేళ్ళు, ముఖం గుర్తు లేదు, గాజుల చప్పుడు గుర్తుంది, అది కూడా అమ్మదో పక్కింటి సత్యమ్మదో చెప్పలేదు. సత్యమ్మే ఆమెకు తెలుగు నేర్పింది, నేర్పడమంటే ఏముంది, ఇంత బువ్వ పెట్టి తిను బిడ్డా అనడం, తినకపోతే తిట్టడం. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. అబ్బాకు, అంటే నాన్నకు, తెలుగు కావలసినంత వచ్చు, కానీ అది అంగడి భాష, బేరాల భాష, గడప దాటి లోపలికి తెచ్చేవాడు కాదు, ఉర్దూ ఏమో అమ్మతో పాటే పోయినట్టు నోరు కట్టేసుకున్నాడు. కల్లు మరిగాడు. పొద్దున మేకలతో వెళ్ళి రాత్రికి వచ్చేవాడు, ఒక్కోసారి రెండో రాత్రికి. కొట్టేవాడు కాదు, కొట్టినా బాగుండేదని ఆమె చాలాసార్లు అనుకుంది, కొట్టడానికైనా మనిషిని చూడాలి కదా. ఒకనాడు మేడ్చల్ అంగడికి వెంట తీసుకెళ్ళి ఆమెను అక్కడే మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు. మేకను మరిచిపోలేదు, ఆ రోజు మిగిలిన రెండు మేకలూ ఆయనతో ఇంటికి చేరాయి. ఆమె ఎవరివో మేకల మధ్య దూరి ముడుచుకుని పడుకుంది, వాటి కడుపులు వెచ్చగా ఉన్నాయి, తెల్లారేదాకా నెమరేస్తూనే ఉన్నాయి.

తర్వాత ఎన్నాళ్ళకో ఆ రోజు వచ్చింది, తొంభై ఒకటి, ఎండాకాలం, ఆమెకు పదకొండు. బొంబాయిలో ఉండే ఖైరున్నీసా ఫుప్పు భర్త ఆసిం వచ్చాడు, ఫుప్పు అంటే అబ్బాకు అక్క. ఆమెకు కొత్త గౌను తొడిగారు, కొత్త గౌను తొడిగినప్పుడే భయపడాల్సింది, సంతోషపడింది. ముగ్గురూ మేడ్చల్ అంగడికి వెళ్ళారు. అక్కడ మేకల బేరం నోటితో జరగదు, పక్కవాడికి ధర తెలిసిపోతుందని భుజం మీది తువ్వాల రెండు చేతుల మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు, ఇన్ని వేళ్ళంటే ఇంత. చేతులు మాట్లాడుకుంటుంటే ముఖాలు మాత్రం ఆకాశం వైపు చూస్తుంటాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అది చూస్తోంది, తువ్వాల కప్పారంటే సరుకు చేతులు మారినట్టే. ఆ రోజు అబ్బా తువ్వాల తీసి ఆసిం చేతి మీద కప్పాడు. కప్పి చాలాసేపు ఉంచాడు. వాళ్ళిద్దరి మధ్య మేక లేదు, గొర్రె లేదు. ఆమె చుట్టూ చూసింది, ఏదైనా ఉందేమోనని నిజంగా వెతికింది. తానే ఉంది, కొత్త గౌనులో. తువ్వాల తీశారు, ఆసిం తల ఊపాడు, ఆమె చెయ్యి పట్టుకుని సికింద్రాబాద్ బస్సు ఎక్కించాడు. అబ్బా మేకలను అదిలించుకుంటూ అవతలికి వెళ్ళిపోయాడు, ట్ర్ర్ర్ హో అని, ఇప్పుడు కిటికీ కింద వినపడినట్టే.

మిగతాదంతా సినిమా పత్రికలు వేరేగా రాశాయి, బొంబాయిలో పెద్ద వ్యాపారి కూతురని, చదువు కాన్వెంటులో అని, రఘునందన్ చెప్పినట్టు. నిజానికి ఫుప్పు ఇంట్లో కుట్టుమిషన్లు రెండు, డాన్సు పిల్లలకు జాకెట్లు కుట్టేవాళ్ళు, హుక్కులు కుట్టడం మెహ్జబీన్ పని, వేళ్ళకు సూది పోట్లు, గిన్నెలు తోమితే ఆ పోట్లు భగ్గుమనేవి. ఏడిస్తే ఫుప్పు, ఇచ్చినవాడు ఇచ్చేశాడు, ఇంక ఎవరి కోసం ఏడుస్తావే అనేది. ఇచ్చినవాడు అంటే అమ్మినవాడనే ఆమె అర్థం చేసుకుంది, వేరే ఎలా అర్థం చేసుకోవాలి. పదిహేనో ఏట జాకెట్లు ఇవ్వడానికి వెళ్ళిన చోట గ్రూపులో ఒక పిల్ల కాలు బెణికింది, జాకెట్టు తెచ్చిన పిల్లకే జాకెట్టు తొడిగి వెనక వరసలో నిలబెట్టారు. వెనక వరస నుంచి మూడో వరసకు, మూడో వరస నుంచి హీరోయిన్ పక్కకు, అక్కడి నుంచి హైదరాబాదుకు. మొదటి సినిమా వంద రోజులు ఆడింది. వంద రోజుల పండగకు కారులో వస్తూ మేడ్చల్ చౌరస్తాలో తన బొమ్మ, రెండంతస్తుల ఎత్తున, పసుపు చీరలో, అద్దం దించి చూసింది. బొమ్మ కింద మేకలు రోడ్డు దాటుతున్నాయి. అద్దం ఎక్కించేసింది.

అంటే అబ్బా చూసే ఉంటాడు. అంగడి అక్కడే, చౌరస్తా అక్కడే, బొమ్మ చూడకుండా ఎటు పోతాడు. గుర్తుపట్టలేదా? సొంత మేకను మందలో చెవి చూసి పట్టుకునే మనిషి. గుర్తుపట్టాడు, పట్టీ ఎనిమిదేళ్ళు నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదు? డబ్బుకు రాలేదు, పత్రికల వాళ్ళ దగ్గరకు పోలేదు, ఒక్క ఉత్తరం లేదు. మంచితనమని అనుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఏదో పెద్ద అదను కోసం ఆగాడు, ఇప్పుడు అది వచ్చింది, వచ్చే నెల తమిళంలో పెద్ద బ్యానరు సంతకం పెట్టాలి, తను రఘునందన్ చేయి దాటిపోతోంది, ఈ సమయానికే మేకలతో దిగాడు. ఇద్దరూ కలిశారు. కలవకపోతే ఇది ఎలా కుదురుతుంది? అందరి ముందూ బిడ్డా అని మీద పడి ఏడుస్తాడు, ఆ పక్కన నాగారం కాలనీల నుంచి షూటింగు చూడ్డానికి వచ్చిన ఉద్యోగస్తుల సంసారాలు, వాళ్ళ చేతుల్లో కొత్త కెమెరా ఫోన్లు, రాత్రికల్లా రాష్ట్రమంతా తెలుస్తుంది బొంబాయి అమూల్య మేకల ఇబ్రహీం కూతురని. అది తెలిస్తే పోయేదేముందిలే, నాలుగు రోజులు నవ్వుకుంటారు. ఇన్నాళ్ళూ తన ముందు నోరు జారిన ప్రతివాడికీ, తనకు అంతా అర్థమైందని తెలుస్తుందే, దాన్ని వాళ్ళు క్షమించరు. అనుకుంటూ ఉండగానే దాని అడుగున ఇంకొకటి కదిలింది, అది ఆమెకు నచ్చలేదు. ఆయన నోరు విప్పితే అన్న భయంతో పాటు, ఒకటి మాత్రం అడగాలి, నన్ను అమ్మావా లేదా అన్నది ఒక్కసారి అడగాలి అనే కోరిక కూడా అక్కడే ఉంది, పదిహేనేళ్ళుగా. ఏం చెబితే నమ్ముతుంది? అమ్మలేదంటే అబద్ధమనిపిస్తుంది. అమ్మానంటే ఈ వయసులో అది మోయడం తన వల్ల అవుతుందా?

పరదా వేలెడంత జరిపి చూసింది. ముసలివాడు చింతచెట్టు కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఇంత చిన్నవాడా? ఆమె జ్ఞాపకంలో తలుపంత మనిషి. గడ్డం తెల్లబడింది, చొక్కా మాత్రం కొత్తది, పెట్టె మడతలు ఇంకా పోలేదు, ఈ రోజు కోసమే కొన్నాడన్నమాట, చూసుకుని వచ్చాడన్నమాట. చేతులు వణుకుతున్నాయేమోనని చూసింది, కల్లు తాగేవాళ్ళ చేతులు ఈ వేళకు వణుకుతాయి. వణకడం లేదు. ఒక్కసారి కూడా వ్యాను వైపు చూడలేదు, యూనిట్లో ఉన్న రెండు వందల మందీ ఏదో ఒక వంకతో చూస్తున్న వ్యాను వైపు ఆ ఒక్కడే చూడటం లేదు. అంతలో మేకపిల్ల వీపు మీద ఎండ పడింది. ఎండ ఎండ అని నలుగురు అరిచారు, సుధీర్ తలుపు కొట్టి, మేడమ్ షాట్ రెడీ అన్నాడు.

ఆమె దిగింది. జనం గోల చేశారు, చెయ్యి ఊపింది, చెయ్యి ఊపడం ఆమె ప్రమేయం లేకుండా జరుగుతుంది. లైటు సరిచేయడానికి ఇంకా పది నిమిషాలన్నారు, ఆమెకు అరుగు మీద చోటు చూపించారు, ముసలివాడు మేకపిల్లను ఎత్తుకుని వచ్చాడు. రఘునందన్ ఫోన్ చెవిన పెట్టుకుని అటు తిరిగి ఉన్నాడు, కావాలనే తిరిగాడా? ఇబ్రహీం కళ్ళు దించుకునే, సలాం మేడమ్ సాబ్ అని, చాలా మర్యాదగా, ఉర్దూలో, ఈ పిల్ల సాధువే, భయపడకండి అన్నాడు, ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నట్టు. గొంతులో ఎక్కడా వణుకు లేదు. ఆమె తల ఊపింది. మేకపిల్లను ఒళ్ళో పెట్టాడు, అది వెచ్చగా ఉంది. ఇంతేనా? ఇంతకా ఆవుదూడను మార్పించింది? ఇంకా మీద పడడేం, బిడ్డా అనడేం? పక్కన సుధీర్ ఊరికే నిలబడలేక, కాలక్షేపానికి, మీకు పిల్లలెంతమందండీ పెద్దాయనా అన్నాడు. అప్పుడు ఇబ్రహీం సుధీర్ వైపు తిరిగాడు. తెలుగులోకి తిరిగాడు.

"ఒక్కతే బిడ్డ సారు. నా తాన పెరగలే."

అయ్యో అన్నాడు సుధీర్, కళ్ళు లైటుబాయ్‌ల మీద ఉన్నాయి. మెహ్జబీన్ మేక చెవి పట్టుకుంది. ఆమె ముందు తెలుగులో ఎలా మాట్లాడతారో ఆమెకు తెలుసు, ఎనిమిదేళ్ళుగా అందరూ మాట్లాడుతున్నట్టే, ఆమె అక్కడ లేనట్టే మాట్లాడుతున్నాడు. కానీ ఆమెకు తెలుగు వచ్చని ఇక్కడ తెలిసిన మనిషి రఘునందన్ కాక ఈయనొక్కడే. ఇంట్లో ఏనాడూ తనతో తెలుగులో మాట్లాడనివాడు. ముఖం ఖాళీగా పెట్టుకుంది.

"ఇంటామె సచ్చినంక కల్లుకు మరిగిన. ఒకనాడు గీ మేడ్చల్ అంగడిల బిడ్డను మరిసిపొయ్యి ఇంటికొచ్చిన సారు. తెల్లారి ఉరికితే, మేకల నడుమ పండుకోని ఉన్నది. గప్పుడు నా మీద నాకే భయమైంది. మా అక్క మొగడు బొంబాయికెల్లి వస్తే ఆయన ఎంబడి తోలిన. అందరి ముంగట నోటితోని అడుగుడు సిగ్గైంది. తువ్వాల కింద చెయ్యి వట్టి మూడు వేళ్ళు నొక్కిన. మూడేండ్లు సాదుండ్రి, కల్లు ఇడిసిపెట్టి నేనే వస్త అని."

సుధీర్ ఊఁ కొట్టాడు, ఎవరికో చెయ్యి ఊపి రిఫ్లెక్టర్ ఇటు తిప్పమన్నాడు. మూడు వేళ్ళు. మూడంటే ధరే అనుకుంది, మూడు ఏమిటో తెలియకపోయినా, ఎంత తక్కువ అని మాత్రం ఎన్నో రాత్రులు అనుకుంది. ఏళ్ళా? ఎంత బాగా కట్టాడు కథ, కొత్త చొక్కాతో పాటు కుట్టించుకొచ్చినట్టున్నాడు, ఈ మాటలు ఎన్నిసార్లు మేకల ముందు చెప్పుకుని ఉంటాడో. నటన ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది, ఎక్కడ గొంతు పూడుకుపోవాలో అక్కడ పూడుకుపోతుంది. ఈయన ఆగాల్సిన చోట ఆగడం లేదు, మేక ధర చెప్పినట్టు గబగబా చెప్పుకుపోతున్నాడు.

"మూడేండ్లకు పోయిన. కింద నల్ల కాడ పొద్దంత నిలవడ్డ. బిడ్డ దిగిరాలే. నన్ను అమ్మినోని మొఖం నేను సూడ అన్నదట, మా అక్క వచ్చి జెప్పింది. మల్ల ఏడాది గూడ పోయిన, గప్పటికి ఇల్లు మారిన్రు. నేను అమ్మలే సారు."

ఆ వాక్యం ఆమెదే. అమ్మినవాడి ముఖం నేను చూడను అని ఆమె అన్నది నిజమే, ఒక్కరితోనే అంది, ఫుప్పుతో, హుక్కులు కుట్టే గదిలో. అబ్బా కింద ఉన్నాడని ఫుప్పు ఆ రోజు చెప్పలేదు. ఊరికే అడిగినట్టు అడిగింది, మీ నాన్న వస్తే వెళతావా అని. ఎందుకు అడుగుతుందో తెలియక, కోపంతో అంది. ఉచిత పనిమనిషిని ఫుప్పు ఎందుకు పోనిస్తుంది. కాదు, ఆగు, ఫుప్పు ఆ మాట ఉత్తరంలో రాసి ఉండవచ్చు కదా, ఈయన వెళ్ళకుండానే ఇదంతా అల్లి ఉండవచ్చు కదా. ఫుప్పుకు రాయడం రాదు. ఆసిం రాసి ఉండవచ్చు. రాస్తే మాత్రం ఈయన చదవగలడా, వేలిముద్రవాడు. ఎవరైనా చదివి పెట్టి ఉండవచ్చు. ఎన్ని ఉండవచ్చులు పేర్చినా కింద కుళాయి దగ్గర ఒక మనిషి పొద్దంతా నిలబడే ఉన్నాడు, ఆమె తోసిన కొద్దీ తప్పుకోకుండా నిలబడ్డాడు. ఇప్పుడు ఎక్కడుంది మీ అమ్మాయి అని సుధీర్ అడుగుతున్నాడు, ఉన్నది సారు, మంచిగనే ఉన్నది, గది సాలు అంటున్నాడు ఇబ్రహీం, అని మేకపిల్ల మెడకు తాడు సరిచేస్తున్నాడు. ఇక వెళ్ళిపోతాడు. చెప్పాల్సింది చెప్పేశాడు, జవాబు రాని చోట నిలబడి చెప్పుకుని, జవాబు అడగకుండా వెళ్ళిపోతాడు. ఆయన అదను కోసం ఆగిన మాట నిజమే, ఎనిమిదేళ్ళూ ఆగింది దీనికన్నమాట.

ఆమె అలవాటు చొప్పున సుధీర్ని హిందీలో అడిగింది, ఏమంటున్నాడు ఆయన? ఆ గొంతు ఎవరిదో లాగా వినపడింది. సుధీర్ తన వచ్చీ రాని హిందీలో, ఏం లేదు మేడమ్, మేక చాలా మంచిదట, కరవదట అన్నాడు. డైరెక్టర్ మైకులో, ముసలాయన్ని ఫ్రేములోంచి తీసెయ్యండి అన్నాడు. సుధీర్ ఇబ్రహీం భుజం మీద చెయ్యి వేసి పదండి పదండి అంటున్నాడు, ఇబ్రహీం తల ఊపి వెనక్కి తిరిగాడు.

"గాయన జెప్పింది గది గాదు సుధీర్."

మొదట ఎవరికీ అర్థం కాలేదు, ఆ మాట ఎటు నుంచి వచ్చిందో. పదకొండేళ్ళ పిల్ల దగ్గర ఆగిపోయిన తెలుగు, సత్యమ్మ బువ్వ పెట్టి నేర్పిన తెలుగు, హీరోయిన్ నోట్లోంచి, అదీ ఆమె సొంత గొంతుతో. సుధీర్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. పద్మజ ముఖంలో రంగు పోయింది, నాలుగేళ్ళ మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి కాబోలు. రఘునందన్ ఫోన్ దించి ఇటు తిరిగాడు, అతని ముఖం చూస్తే తెలిసింది, ఈ ముసలివాడెవరో అతనికి నిజంగానే తెలియదు. పోనీ, ఒక అనుమానం తప్పయింది. జనంలో ఎవరో ఫోన్ పైకి ఎత్తారు, ఎత్తనీ. ఆమె మేకపిల్లను ఒళ్ళోంచి దించి లేచి నిలబడింది, ఆయన ఆమె కాళ్ళ వైపే చూస్తున్నాడు.

"సుధీర్‌కు జెప్పుడు గాదు. నాకు జెప్పు. నా మొఖం జూసి జెప్పు, గది నిజమేనా?"

ఇబ్రహీం తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది. ఎత్తి, మొదటిసారి ఆమెను చూశాడు, సున్ బేటా, విను బిడ్డా, అని ఇంటి మాటలో, ఉర్దూలో మొదలుపెట్టాడు, అక్కడే ఆగిపోయాడు. ఆమె తొందరపెట్టలేదు. మబ్బు మళ్ళీ వచ్చింది, ఎండ పోయింది, షాటు లేదని ఎవరో అన్నారు, ఆమె నిలబడే ఉంది.